ఎంఓయూ ఫొటోలో మనం ఎక్కడున్నాం?

ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. మధ్యలో వైస్ చాన్సలర్, ఒక పక్కన రిజిస్ట్రార్, ఇంకో పక్కన కంపెనీ ప్రతినిధి. ఇద్దరి చేతుల్లో ఒకే రంగు ఫైళ్లు. వెనక ఫ్లెక్సీ, ముందు బల్ల మీద పూలగుత్తి, మడత విప్పని శాలువాలు. మర్నాడు జిల్లా పేజీలో మూడు పేరాల వార్త వస్తుంది. ఈ అవగాహన ఒప్పందంతో విద్యార్థులకు ఉపాధి అవకాశాలు మెరుగుపడతాయనే వాక్యం అందులో తప్పకుండా ఉంటుంది. ఆ కాగితం తర్వాత ఏమైంది, దాని వల్ల ఎవరికి పని దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది మాత్రం వార్త కాదు. అది తెలుసుకునే దారి ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఆ దారి ఎందుకు పట్టాలో, ఎలా పట్టాలో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

నెల్లూరు తీరాన్ని ఉదాహరణగా తీసుకున్నాం. కారణం ఉంది. ఈ జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం వచ్చింది 2008లోనే. అంతకుముందు ఇక్కడి కాలేజీలన్నీ తిరుపతిలోని శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఇప్పుడు వెంకటాచలం మండలం కాకుటూరులో, జాతీయ రహదారి పక్కన ఉంది. దానికి కావలిలో పీజీ సెంటర్ ఉంది. తీరం వైపు వెళితే కృష్ణపట్నం ఓడరేవు, నేలటూరు థర్మల్ కేంద్రం, ముత్తుకూరులో మత్స్య శాస్త్ర కళాశాల, వరసగా రొయ్యల చెరువులు, హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు. ఉత్తరాన రామాయపట్నంలో 2022 జులైలో కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది. అంటే ఒప్పందం చేసుకోవడానికి కంపెనీలకూ కొరత లేదు, చదువుకూ కొరత లేదు.

జనం సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి నెల్లూరు జిల్లాలో ఎస్సీలు దాదాపు 22 శాతం, ఎస్టీలు 9 శాతానికి పైగా. ఎస్టీల్లో అత్యధికులు యానాదులు. ఇద్దరినీ కలిపితే జిల్లాలో ప్రతి పది మందిలో ముగ్గురు. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండేది, పట్టుబడి రోజున వల లాగేది, ప్లాంటులో తల తీసి తొక్క ఒలిచేది ఎక్కువగా ఎవరో తీరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వాళ్ల పిల్లలు డిగ్రీకి వచ్చారు. అదే కంపెనీలోకి కూలి గేటు నుంచి కాకుండా ఆఫీసు గేటు నుంచి వెళ్లే అవకాశం వాళ్లకు ఉందా లేదా అన్నదే ఎంఓయూలో మనకు సంబంధించిన విషయం.

కాగితంలో ఏముంటుంది

ఎంఓయూ అంటే కలిసి పనిచేద్దామని రెండు సంస్థలు రాసుకునే అవగాహన పత్రం. మామూలుగా నాలుగైదు పేజీలకు మించదు. విద్యార్థులకు ఇంటర్న్‌షిప్, అధ్యాపకులకు శిక్షణ, ఉమ్మడి పరిశోధన, అతిథి ఉపన్యాసాలు, కాలపరిమితి ఎన్నేళ్లు, మధ్యలో మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇలా సాగుతుంది. చాలావాటిలో ఇది ఏ పక్షాన్నీ చట్టపరంగా కట్టిపడేయదు అని కూడా రాసి ఉంటుంది. అంటే కంపెనీ ఒక్కరిని కూడా తీసుకోకపోయినా కేసు వేయడానికి వీలుండదు.

అలాగని దీన్ని ఉత్త కాగితమని కొట్టిపారేయలేం. న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు విశ్వవిద్యాలయం చూపించే కాగితాల్లో ఇదొకటి. ఒప్పందాలు ఎన్ని ఉన్నాయి, వాటి కింద ఏం పని జరిగింది అని అడుగుతారు. అందుకే సంతకాలకు అంత ఉత్సాహం. సంఖ్య పెరగడం సంస్థకు అవసరం. ఆ సంఖ్య వెనక ఎవరి పేర్లున్నాయన్నది మన అవసరం. ఈ రెండో లెక్కను ఎవరూ అడగకపోతే ఎవరూ రాయరు.

రిజర్వేషన్ ఎక్కడిదాకా వస్తుందో ఇక్కడ గమనించాలి. అడ్మిషన్‌లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం సీట్లుంటాయి. ప్రభుత్వ పోస్టుకు రోస్టర్ ఉంటుంది. 2025లో వర్గీకరణ తెచ్చి ఆ 15 శాతాన్ని 1, 6.5, 7.5గా మూడు గ్రూపులకు పంచారు. మాల, మాదిగ, రెల్లి సోదరుల మధ్య ఏళ్ల తరబడి ఎంత చర్చ, ఎంత ఘర్షణ జరిగిందో మనకు తెలుసు. ఆ లెక్కలన్నీ సీటు దగ్గర, సర్కారు ఉద్యోగం దగ్గర ఆగిపోతాయి. ఎంఓయూ కింద కంపెనీకి పంపే పదిమంది ఇంటర్న్‌ల జాబితాకు ఏ రోస్టరూ లేదు. జాబితాను ఎవరు తయారు చేస్తారు? విభాగాధిపతి కావచ్చు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కావచ్చు, నేరుగా కంపెనీ హెచ్‌ఆర్ కావచ్చు. ఏ ప్రమాణంతో? చాలాచోట్ల రాసి ఉండదు.

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని రాష్ట్రం 2019లో చట్టం చేసింది కదా అని కొందరు అంటారు. ఆ చట్టంలో స్థానికుడు ఉన్నాడు కానీ కులం లేదు. ఊళ్లో ఉన్నవాడూ స్థానికుడే, వాడలో ఉన్నవాడూ స్థానికుడే. ఫోన్ చేసి చెప్పించుకోగలిగినవాడు ఎవరన్నదే తేడా.

పది నెలల ఇంటర్న్‌షిప్, పది రకాల ఖర్చులు

ఇది ఇప్పుడు మరీ ముఖ్యమైపోయింది. ఎందుకంటే 2020–21లో రాష్ట్రం డిగ్రీ కోర్సుల్లో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది చివర సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది చివర రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక పూర్తి సెమిస్టర్ బయట పని. దీనికి క్రెడిట్లున్నాయి. చేయకపోతే డిగ్రీ పూర్తి కాదు.

ఆలోచన మంచిదే. మేము దాన్ని తప్పుబట్టడం లేదు. కానీ ఒక తరగతిలో అరవై మంది ఉన్నారనుకోండి. బాబాయి ఆడిటర్ అయినవాడు ఆ ఆఫీసులో చేరతాడు. తండ్రికి హేచరీ ఉన్నవాడు ఇంట్లోనే చేస్తాడు. నాన్న చెరువు దగ్గర జీతగాడు, అమ్మ ఉపాధి హామీ పనికి వెళ్తుంది అన్న పిల్ల ఎక్కడికి పోవాలి? ఆ పిల్లకు తెలిసిన ఆఫీసు ఒక్కటే, కాలేజీ ఆఫీసు. కాబట్టి కాలేజీ చేసుకున్న ఎంఓయూ అందరికంటే ఎక్కువగా ఆ పిల్లకే కావాలి. పరిచయాలు ఉన్నవాళ్లకు ఎంఓయూ ఒక అదనపు దారి. మనవాళ్లకు అదే ఏకైక దారి.

ఆ దారిలో ఎంపిక అయినా సరే, ఖర్చు ఉంది. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ అంటే నెలల తరబడి బస్సు చార్జీ, మధ్యాహ్నం తిండి సొంతంగా పెట్టుకోవడం. సెలవుల్లో ఇంటర్న్‌షిప్ వస్తే సంక్షేమ హాస్టల్ తలుపు తెరిచి ఉంటుందా అన్నది ఇంకో ప్రశ్న. సెలవుల్లో కూలికి వెళ్లి పుస్తకాల డబ్బు సంపాదించుకునేవాళ్లకు ఆ రెండు నెలల కూలి కూడా పోతుంది. ఎంఓయూలో స్టైపెండ్ అనే ఒక్క పదం ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఇంత తేడా ఉంది.

రాష్ట్రంలో ఎస్సీ ఉప ప్రణాళిక, గిరిజన ఉప ప్రణాళికకు 2013 నుంచి చట్టం ఉంది. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ప్రయాణ, వసతి ఖర్చుకు ఒక పథకం పెట్టమని విశ్వవిద్యాలయాలు ఆ నిధుల నుంచి అడగవచ్చు. అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

అప్రెంటిస్‌కు రిజర్వేషన్ ఉంది

ఇది చాలామందికి తెలియని సంగతి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. ఇంటర్న్, అప్రెంటిస్ అనే మాటలు వాడుకలో ఒకేలా వినిపిస్తాయి. చట్టం దృష్టిలో రెండూ వేరు. ఇంటర్న్‌కు ప్రత్యేక చట్టం లేదు. అప్రెంటిస్‌కు 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ఉంది. దానికి 1973లో చేర్చిన 3ఏ సెక్షన్ ప్రకారం, నిర్దేశిత ట్రేడ్లలో శిక్షణ స్థానాలను యజమాని ఎస్సీ, ఎస్టీలకు రిజర్వ్ చేయాలి. గమనించండి, ఇది ప్రైవేటు కంపెనీకి కూడా వర్తిస్తుంది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కావాలని దశాబ్దాలుగా అడుగుతున్నాం. శిక్షణ స్థాయిలో అది యాభై ఏళ్ల కిందటే చట్టంలోకి వచ్చి కూర్చుంది. అప్రెంటిస్‌కు స్టైపెండ్ కూడా తప్పనిసరి.

కాబట్టి ఓడరేవు, విద్యుత్ కేంద్రం, ప్రాసెసింగ్ ప్లాంటు వంటి పెద్ద సంస్థతో విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకునేటప్పుడు అందులో ఇంటర్న్‌షిప్ అని రాస్తున్నారా, అప్రెంటిస్‌షిప్ అని రాస్తున్నారా అన్నది చిన్న విషయం కాదు. మొదటి మాట రాస్తే దయ, రెండో మాట రాస్తే హక్కు. డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్‌ను కలిపే కోర్సులను యూజీసీ ఇప్పుడు ప్రోత్సహిస్తోంది. అలాంటి కోర్సు మీ కాలేజీకి వస్తే 3ఏ సెక్షన్ గుర్తు పెట్టుకోండి.

ఇంటర్న్‌షిప్ జాబితాలో కూడా సామాజిక ప్రాతినిధ్యం పాటిస్తామని విశ్వవిద్యాలయం ఒక వాక్యం రాసుకోవచ్చు. దాన్ని ఏ చట్టమూ అడ్డుకోదు. రాజ్యాంగం 15(4) అధికరణం వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అవకాశం ఇస్తోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కూడా ఆ రాజ్యాంగం కిందిదే.

కాలువ కాంట్రాక్టు

ఒప్పందంలో ఒక వాక్యం మారితే ఏం జరుగుతుందో ఈ తీరానికి కొత్త పాఠం కాదు. నెల్లూరులో 1840లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను ఎన్నో ఏళ్లు లోన్ స్టార్ అని పిలిచేవారు, ఒంటరి నక్షత్రం అని. ఫలితం లేదని మూసేద్దామనుకున్నారు కూడా. ఆ స్థితిని మార్చింది దొరలు కాదు, మాదిగలు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగాడు. 1872లో తీరం మీద రామాయపట్నంలో బోధకుల కోసం సెమినరీ తెరిచారు. బడి గుమ్మం తొక్కనివ్వని కులాల నుంచి వచ్చినవాళ్లు అక్కడ తెలుగులో పై చదువు చదివారు. ఇప్పుడు కొత్త ఓడరేవు కడుతున్న రామాయపట్నం అదే. 2022 ఏప్రిల్ జిల్లాల విభజనతో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది.

1876–78 మహా కరువులో ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. పని ఉంది, కూలి ఉంది. కానీ పై కులాల మేస్త్రీల కింద అవమానాలకు భయపడి మాదిగలు అక్కడికి వెళ్లలేకపోయారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల కాలువ పనిని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే, అంటే చదువుకున్న మాదిగలనే, మేస్త్రీలుగా పెట్టాడు. అప్పుడు వేల మంది వచ్చారు. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలోదే.

ఈ కథను మతమార్పిడి కథగానే చెప్పడం అలవాటు. అనుకూలంగా చెప్పేవాళ్లూ, వ్యతిరేకంగా చెప్పేవాళ్లూ అలాగే చెబుతారు. కరువు రోజుల్లో క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడని, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని లెక్కలు వినిపిస్తాయి. మాకు అందులో ఆసక్తి కలిగించేది మేస్త్రీ సంగతి. కాలువ అదే, మట్టి అదే, కూలి రేటు అదే. అజమాయిషీ ఎవరి చేతిలో ఉంది అన్న ఒక్క అంశం మారింది. ఇవాళ ఎంఓయూ అమలును చూసే కమిటీలో ఎస్సీ, ఎస్టీ అధ్యాపకుడు ఒక్కరైనా ఉన్నారా అని అడగడం ఆ మేస్త్రీ ప్రశ్నే.

చెరువు నీళ్లు, వాడ బోరు

ఒప్పందాలు కంపెనీలతోనే ఎందుకు ఉండాలి? తీరంలో ఉప్పునీటి రొయ్యల చెరువులు 1990ల నుంచి పాకాయి. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. పొలాలు, తాగునీరు ఉప్పుబారడం ఆ తీర్పులో పెద్ద అంశం. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి సాగును మళ్లీ చట్టం చట్రంలోకి తెచ్చింది. చెరువులు ఉన్నాయి, పెరిగాయి. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మడం, కొనడం చెల్లదని 1977లోనే చట్టం వచ్చినా, డీకేటీ పట్టా భూములు లీజుల పేరుతో ఎలా చేతులు మారతాయో తీరం మండలాల్లో ఏ వాడలో అడిగినా చెబుతారు.

సముద్ర జీవశాస్త్రం చదివే విద్యార్థి చెరువు నీటిలో లవణీయత కొలవడం నేర్చుకుంటాడు. ఆ పరికరంతో దళితవాడ బోరు నీళ్లు, యానాదుల కాలనీ చేతిపంపు నీళ్లు కూడా కొలవవచ్చు. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి. ఫలితాన్ని పంచాయతీ గోడ మీద తెలుగులో అంటిస్తే అది కూడా విశ్వవిద్యాలయ భాగస్వామ్యమే. మొదటి ఏడాది సమాజ సేవా ప్రాజెక్టును దీనికి వాడుకోవచ్చు. ఉన్నత్ భారత్ అభియాన్ కింద సంస్థలు గ్రామాలను దత్తత తీసుకుంటాయి, ఎన్ఎస్ఎస్ శిబిరాలు ఎలాగూ ఉంటాయి. శిబిరం ఊళ్లో గుడి దగ్గర స్కూల్లో ఉంటుందా, వాడలో కమ్యూనిటీ హాల్లో ఉంటుందా? వారం రోజులు విద్యార్థులు ఎవరి ఇంటి నీళ్లు తాగారు? దత్తత అన్న మాటకు అర్థం ఇలాంటి చోటే తేలుతుంది.

వేడుకలు

విశ్వవిద్యాలయ క్యాలెండర్‌లో ఇప్పుడు మన రోజులు చాలానే ఉన్నాయి. ఏప్రిల్ 5 జగ్జీవన్ రామ్ జయంతి, 11 ఫూలే జయంతి, 14 అంబేడ్కర్ జయంతి, నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం, డిసెంబరు 6 వర్ధంతి. పూలమాల వేస్తారు, ప్రసంగాలు చేస్తారు. ఇవి ఊరికే రాలేదు, విద్యార్థి సంఘాలు కొట్లాడి తెచ్చుకున్నవి. అందుకని వీటిని తేలిక చేసి మాట్లాడటం మాకు ఇష్టం లేదు. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. బతికుండగా ఆయనను అలా గౌరవించిన భారతీయ విశ్వవిద్యాలయం మన తెలుగు నేల మీద ఉండటం గర్వించే విషయమే.

పేరు పెట్టడం కూడా ఒక వేడుకే. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న విద్యుత్ కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరుంది. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన, 1960 నుంచి 1962 వరకు. గేటు మీద ఆయన పేరు చదివి లోపలికి వెళ్లే ఇంజనీర్లలో, టెక్నీషియన్లలో, అప్రెంటిస్‌లలో ఆ ముత్తుకూరు మండలం దళితవాడల పిల్లలు ఎందరు అన్న లెక్క బోర్డు పక్కనే పెడితే బాగుంటుంది. ఏప్రిల్ 14 సభలో వీసీ గారు చదవాల్సిన కాగితం ఏదైనా ఉందంటే అలాంటి లెక్కే. ఏ ఎంఓయూ కింద ఎంతమంది వెళ్లారు, అందులో ఎస్సీ ఎందరు, ఎస్టీ ఎందరు, అమ్మాయిలు ఎందరు, ఎవరికి స్టైపెండ్ వచ్చింది. చదవడానికి ఐదు నిమిషాలు చాలు.

స్నాతకోత్సవం దగ్గర వేరే ఇబ్బంది. పట్టా అందుకునే రోజుకు ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్ ఆపడం రాష్ట్రమంతటా వినే ఫిర్యాదు. ఆ బకాయి విద్యార్థిది కాదు, రావాల్సిన రీయింబర్స్‌మెంట్‌ది. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 2020–21 నుంచి కేంద్రం 60, రాష్ట్రం 40 భరించాలి. కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షల రూపాయలు. కాలేజీలో చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థ తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూకు ఒరిజినల్స్ తెమ్మంటే కాలేజీ ఇవ్వనంటే, ఎంఓయూ వల్ల వచ్చిన ఉద్యోగం కూడా అక్కడే పోతుంది.

విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందాల గురించి ఒక్క మాట. ఒక సెమిస్టర్ అక్కడ చదవొచ్చు అంటారు. విమానం టికెట్టు, వీసా, అద్దె ఎవరు పెట్టుకోవాలి? కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పూర్తి పీజీ, పీహెచ్‌డీలకే కానీ ఇలాంటి సెమిస్టర్ మార్పిడికి కాదు. అది ఏడాదికి 125 మందికే. పైగా 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై అధ్యయనాలను దాన్నుంచి తీసేశారు, అంటే కులం మీద పరిశోధన చేస్తానంటే డబ్బు రాదు. ఇంకో సంగతి, అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 2022లో తమ వివక్ష వ్యతిరేక నియమాల్లో కులాన్ని చేర్చాయి. అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన మనవాళ్లకు తెలుగు సంఘాల్లోనూ కులం వెంటాడింది కాబట్టే ఆ నియమాల అవసరం వచ్చింది. విదేశీ భాగస్వామిని ఎంచుకునేటప్పుడు అక్కడి నియమాల్లో కులం ఉందా అని చూడటం తెలివైన పని.

బయట అవమానం జరిగితే

అంబేడ్కర్ జీవితంలో ఒక ఒప్పందం ఉంది. 1913లో ఆయన బరోడా సంస్థానంతో రాసుకున్నారు. సంస్థానం అమెరికాలో చదివిస్తుంది, తిరిగొచ్చాక ఆయన పదేళ్లు అక్కడ ఉద్యోగం చేయాలి. 1917లో వచ్చి చేరారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా విసిరేశారు. కులం తెలిసి పార్సీ సత్రం నుంచి తరిమేశారు. కొద్ది రోజులకే బొంబాయికి తిరిగి వెళ్లిపోయారు. చదువు సంగతి ఒప్పందంలో ఉంది. ఆఫీసులో మంచినీళ్ల కుండ సంగతి, ఊళ్లో అద్దె గది సంగతి లేదు.

నేటి ఎంఓయూల్లోనూ ఆ ఖాళీ అలాగే ఉంది. క్యాంపస్ లోపల వివక్ష జరిగితే యూజీసీ 2012 నిబంధనల ప్రకారం సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. అవి కాగితాల మీదే ఉండిపోయాయని రాధిక వేముల, అబేదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఒకరు రోహిత్ తల్లి, ఇంకొకరు డాక్టర్ పాయల్ తల్లి. 2026 జనవరి 13న యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిని సుప్రీంకోర్టు జనవరి 29న నిలిపివేసి, 2012 నాటివే అమల్లో ఉండాలని చెప్పింది. ఏ నిబంధన అయినా విద్యాసంస్థకే వర్తిస్తుంది. ఇంటర్న్‌షిప్ ఇచ్చిన ప్లాంటులో సూపర్‌వైజర్ కులం పేరు పెట్టి తిడితే ఆ అధికారి పరిధి ఏమిటి? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఎక్కడైనా వర్తిస్తుంది, పోలీస్ స్టేషన్‌కు వెళ్లవచ్చు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ట్రైనీలను, అప్రెంటిస్‌లను కూడా ఉద్యోగులుగానే చూస్తుంది. కానీ ఇరవై ఏళ్ల పిల్ల కొత్త ఊళ్లో ఒంటరిగా స్టేషన్ మెట్లెక్కే ముందు, విశ్వవిద్యాలయం నుంచి ఒక మనిషి రావాలి. అందుకే ఎంఓయూలోనే రాయాలి: ఇంటర్న్ ఫిర్యాదు చేస్తే విశ్వవిద్యాలయ అధికారి విచారణలో కంపెనీ సహకరిస్తుంది, ఆ విద్యార్థికి క్రెడిట్లు నష్టపోకుండా వేరే చోట ఏర్పాటు చేస్తారు. రెండు వాక్యాల పని.

కాగితం ఎలా తెప్పించుకోవాలి

ప్రభుత్వ విశ్వవిద్యాలయం సమాచార హక్కు చట్టం, 2005 కిందకు వస్తుంది. తెల్లకాగితం మీద రిజిస్ట్రార్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి రాయండి. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. కారణం చెప్పనక్కర్లేదు.

ఎంఓయూల గురించి వివరాలు ఇవ్వండి అని రాస్తే నాలుగు పేర్లు టైపు చేసి పంపుతారు. కచ్చితంగా అడగాలి. గత మూడేళ్లలో అమల్లో ఉన్న ఒప్పందాల నకళ్లు. ఒక్కోదాని కింద ఏడాదివారీగా వెళ్లిన విద్యార్థుల సంఖ్య, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళ విభజనతో. ఎంపిక ప్రమాణాలు తెలిపే సర్క్యులర్ నకలు. స్టైపెండ్ అందుకున్నవారి సంఖ్య. వివక్ష వ్యతిరేక అధికారి హోదా, ఫోన్ నంబరు. విద్యార్థుల పేర్లు అడగొద్దు, అవి వ్యక్తిగత సమాచారం అని మొత్తం అర్జీనే తిప్పికొట్టే వీలు ఇచ్చినట్టవుతుంది. సంఖ్యలు చాలు.

30 రోజుల్లో జవాబు రావాలి. వాణిజ్య రహస్యం అని 8(1)(డి) సెక్షన్ చూపి తిరస్కరిస్తే, 10వ సెక్షన్ ప్రకారం రహస్యమైన భాగాన్ని మూసేసి మిగతాది ఇవ్వమని మొదటి అప్పీలు వేయండి. దానికి గడువు జవాబు అందిన రోజు నుంచి 30 రోజులు. ఒకే అర్జీని ఐదారుగురు కలిసి సంఘం తరఫున రాయించినా, వేసేది మాత్రం ఒక వ్యక్తి పేరు మీద ఉండాలి. ఫైనలియర్ విద్యార్థి పేరు మీద కాకుండా బయట ఉన్న పూర్వ విద్యార్థి పేరు మీద వేయడం మేలు, ఇంటర్నల్ మార్కుల భయం ఉండదు.

వేసవి ఇంటర్న్‌షిప్‌ల జాబితాలు సాధారణంగా సెమిస్టర్ పరీక్షల ముందే తయారవుతాయి. జవాబుకు నెల, అవసరమైతే అప్పీలుకు ఇంకో నెలన్నర లెక్కేసుకుంటే, అర్జీ సంక్రాంతి సెలవులకు ముందే పోస్టులో పడాలి.